తీగలేని కెమెరాలు – బ్యాటరీ శాతపు లెక్కలు

మోటారు కొట్టముల యొద్దను, మిరప కళ్లముల యొద్దను, సంఘపు గిడ్డంగుల యొద్దను తీగలేని కావలి కెమెరాల నుంచుట మన పల్లెలలో నానాటికి హెచ్చుచున్నది. పంపుసెట్ల రాగితీగయు, స్టార్టరు పెట్టెలును, బిందుసేద్యపు గొట్టములును దొంగల పాలగుచుండగా రైతు వేరొక కాపుదలను వెదకుట సహజమే. పొలమున కరెంటు గంటల లెక్కన వచ్చు చోట తీగ కెమెరా నిలుకడగా పనిచేయజాలదు గనుక బ్యాటరీ కెమెరా నాశ్రయింపక తప్పదు. ఈ యంత్రమును నిందించుట మా యుద్దేశము కాదు. అది చూపెడు శాతమును, అంగడివారు చెప్పెడు నెలలను యథాతథముగా నమ్మి మనిషి కావలి మానుకొనుట మాత్రము క్షేమకరము కాదని మా యభిప్రాయము.

మొదట నీ శాతమన నేమో తెలిసికొనవలయును. ఫోనులో కనబడు 60 శాతము గరిసెలోని ధాన్యమును కుంచముతో కొలచిన కొలత వంటిది కాదు. అది యొక యంచనా. పెక్కు కెమెరాలు బ్యాటరీ వోల్టేజిని చూచి యా యంచనా వేయును. సాధారణపు లిథియం అయాన్ సెల్లు నిండినప్పుడు 4.2 వోల్టులు చూపును. ఇంచుమించు 3 వోల్టులకు దిగినచో ఖాళీ యైనట్లే. కాని యీ నడుమ వోల్టేజి సమముగా దిగదు. విశాలమైన చెరువులో తూము గుండ నెంత నీరు పోయినను మట్టము కొలదిగనే తగ్గి, గర్భము చేరిన పిమ్మట త్వరత్వరగా దిగును గదా. సెల్లును నట్లే చాలకాలము 3.7 వోల్టుల ప్రాంతమున నిలిచి కడపట నొక్కసారిగా పడిపోవును. కావుననే సగము వద్ద వారముల కొలది నిలిచిన కెమెరా, 20 శాతము చూపిన కొలది దినములకే కన్ను మూయుట కలదు.

మోటారు నడచుచుండగా బావిలో నీరు దిగి, ఆపిన పిదప ఊట చేరి పైకి వచ్చును. కెమెరా రాత్రివేళ పరారుణ దీపములు వెలిగించి చిత్రమును పంపుచున్నప్పుడు వోల్టేజి యట్లే దిగి, విశ్రాంతి దొరకగానే మరల నెక్కును. సౌరఫలకము లేని కెమెరాలో ఉదయమున శాతము పెరిగినట్లు కనబడిన నది కొత్త శక్తి చేరుట వలన గాదు.

ఇక పూడిక మాట. పూడిన చెరువును నిండి అలుగు పారును, ఆయకట్టు మాత్రమెండును. 300 మొదలు 500 మార్లు పూర్తిగా నింపి వాడిన సెల్లు తొలి శక్తిలో అయిదింట నాలుగు పాళ్లకు దిగుట సామాన్యము. అయినను తెరమీద 100 శాతమే కనబడును. వేడిమి యీ పూడికను త్వరపెట్టును. 45 డిగ్రీలు దాటిన వేడిలో లిథియం సెల్లును నింపుట హానికరము. రెంటచింతల, రామగుండము వంటి తావుల వేసవిలో రేకు కప్పు క్రింద నెండ తగులు పెట్టె లోపలి వేడి యెంత యుండునో రైతులకు మేము వేరుగ చెప్ప నక్కరలేదు.

అంగడివారి నెలల లెక్కను పరీక్షింతము. 10,000 మిల్లీ ఆంపియర్ గంటల బ్యాటరీ గల కెమెరా నిద్రలో 1 మిల్లీ ఆంపియరు తీసికొనుననుకొందము. దినమునకు 24 ఖర్చగును. మేల్కొన్న ప్రతిమారు 15 సెకండ్లపాటు 250 మిల్లీ ఆంపియర్లు తీసినచో మారునకు ఇంచుమించు 1 ఖర్చు. దినమునకు 20 మార్లు మేల్కొన్నచో మొత్తము 44. అనగా ఏడు నెలలకు పైగా వచ్చును. పశువులు నడచు డొంక కెదురుగా నుంచగా 200 మార్లు మేల్కొన్నచో మొత్తము 224; నెలన్నరకే ముగియును. యంత్రమొకటియే, బ్యాటరీ యొకటియే. ఉంచిన తావు మాత్రమే మారినది. సిగ్నలు బలహీనమైన చోట చిత్రము పంపుటకు హెచ్చు సేపు పట్టును గాన ఖర్చు మరింత పెరుగును.

తావును బట్టి మారునది కావున నెలలు తేల్చి చెప్పజాలమని అమ్మువారందురు. నిజమే. అట్లయిన పెట్టెపై ఆరు నెలలని యేల వ్రాయవలయును? బ్యాటరీ శక్తి యెంత, నిద్రలో ఖర్చెంత, మేల్కొన్న మారునకు ఖర్చెంత అను మూడంకెలను ముద్రించినచో మిగిలిన గుణకారము రైతే చేసికొనగలడు. ఈ మూడును వ్రాతమూలకముగా నీయని వ్యాపారి వద్ద సంఘము సభ్యుల కొరకు కొనరాదని సర్వసభ్య సమావేశమున తీర్మానింపవలయును. బ్యాటరీపై ఐ.ఎస్. 16046 ప్రమాణపు గుర్తును గూడ చూడవలయును. ఒక్క రైతు అడిగిన నవ్వి పోనిచ్చు వ్యాపారి, నూరుమంది పక్షమున సంఘమడిగిన బదులు చెప్పక తప్పదు.

సభ్యులు చేయదగినదియు కలదు. 30 శాతమును ఖాళీగా నెంచి నింపుకొనుడు. కళ్లములో పంట యున్న దినములలో శాతమెంత చూపినను వేచియుండక ముందుగనే నింపుడు. నింపిన తేదీని గోడమీదనో పుస్తకములోనో వ్రాయుడు. తెర చెప్పు శాతము కంటె రెండు తేదీల నడుమనున్న దినములే సత్యమును చెప్పును. ఆ దినములు తొలినాటి వానిలో మూడింట రెండు పాళ్లకు తగ్గినచో, కెమెరా తావును సిగ్నలును మారకున్న యెడల, బ్యాటరీని మార్చుడు. పాతవానిని చెత్తలో వేయరాదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నియమములను బట్టి వానిని తిరిగి సేకరించు బాధ్యత తయారీదారులది. సంఘ కార్యాలయమున వానికొక పెట్టె యుంచినచో నందరికిని సుకరము.

కెమెరా దొంగను పట్టదు, చూచినదానిని చెప్పును. అదియు మేల్కొని యున్నప్పుడే. ఏడాది కష్టము కళ్లములో రాశిగా నున్న రాత్రి దానిలో నెంత శక్తి కలదో అంకెను చూచి గాక, తేదీని చూచి తెలిసికొనుట రైతునకు శ్రేయస్కరము.