శాసనసభ్యునికి నిష్పక్షపాత సమాచారము కావలయును

శాసనసభలో చేయి యెత్తువారందఱును విషయము నెఱిగియే యెత్తుచున్నారా? మనవంటి భాషాల్పసంఖ్యాకులకు ఈ ప్రశ్న మిక్కిలి ముఖ్యమైనది. మంత్రికి సచివాలయమందలి అధికారులు, దస్త్రములు అండగా నుండును. సామాన్య సభ్యునికి పార్టీ చెప్పిన మాటయు, ఆనాటి పత్రికయు మాత్రమే తరచుగా ఆధారములగుచున్నవి. ఒక్కరి చిట్టాను నమ్మి బేరము కుదుర్చుకొను వర్తకుడు తానే నష్టపోవును. సభ్యుడట్లు చేసినచో నష్టము ప్రజలది.

ఈ లోపమును అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రము 1901లోనే గుర్తించి, శాసనసభ్యుల కొఱకు ఒక పరిశోధన గ్రంథాలయమును నెలకొల్పినది. చార్లెస్ మెకార్తీ దానిని తీర్చిదిద్దెను. సభ్యుడు ఏ పార్టీవాడైనను, అడిగిన విషయముపై చట్టములను, అంకెలను, ఇతర రాష్ట్రముల అనుభవమును సేకరించి యిచ్చుట దాని పని. ఎట్లు వోటు వేయవలయునో చెప్పుట దాని పని కాదు. కాలిఫోర్నియాలో 1941లో ఏర్పడిన ఇట్టి కార్యాలయము ప్రభుత్వపు బడ్జెట్టును శాసనసభ పక్షమున పరిశీలించుచున్నది. మన పార్లమెంటు సభ్యులకును గ్రంథాలయ పరిశోధన విభాగము కలదు. రాష్ట్ర శాసనసభకు పుస్తకముల బీరువాలు మాత్రమే చాలవు; అడిగినదానికి వ్రాతమూలకముగ బదులిచ్చు పరిశోధకులు కావలయును.

ఇందు మనకేమి పని యందురా? రాజ్యాంగములోని 350-ఎ అధికరణము అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పింప యత్నింపవలెనని రాష్ట్రములను కోరుచున్నది. 350-బి ప్రకారము ప్రత్యేకాధికారి నివేదికలు పార్లమెంటు ముందుంచబడి, రాష్ట్ర ప్రభుత్వములకు పంపబడవలెను. రాష్ట్ర శాసనసభల ముందుంచవలెనని అందు లేదు. మన పిల్లల చదువుపై చట్టము చేయు సభ్యునికి ఆ నివేదిక తప్పక చేరునను పూచీ లేదన్నమాట!

తమిళనాడులో 2006లో తమిళమును నిర్బంధ పాఠ్యాంశముగ చేయు శాసనము వచ్చినది. రాష్ట్రభాషను నేర్చుటకు మనకు అభ్యంతరము లేదు. తరతరములుగ నేర్చుచునే యున్నాము. కాని ఆ నియమము పదవ తరగతిని చేరిన వేళ, అల్పసంఖ్యాక విద్యార్థులు తమిళ పరీక్షనుండి మినహాయింపు కోరి న్యాయస్థానమునకు పోవలసివచ్చినది. ఎన్ని పాఠశాలలు, ఎందఱు పిల్లలు, ఎందఱు ఉపాధ్యాయులు అను లెక్క మొదటనే ప్రతి సభ్యుని చేతిలో నుండవలసినది.

ఖర్చగునని కొందఱనవచ్చును. తెలియక చేసిన చట్టమును దిద్దుటకగు ఖర్చును, ఈలోపల పిల్లలు పడు ఆందోళనయు అంతకంటె పెద్దవి.

కావున మన సంఘములు అన్ని పార్టీల శాసనసభ్యులను కలిసి, సభకు స్వతంత్ర పరిశోధన విభాగము కావలెనని విన్నవింపవలయును. అంతవఱకు ఊరూర తెలుగు పాఠశాలల లెక్కలను మనమే సేకరించి వారికందింపవలయును. అంకెలను పెంచి చెప్పరాదు. ఒకమారు తూకము తప్పినదని తెలిసినచో ఆ అంగడికి మరల ఎవరును రారు.