ఇంగ్లీషు పీరియడ్‌లో తెలుగు వాక్యానికి చోటివ్వండి

తల్లిదండ్రులకు, ఇంగ్లీషు టీచర్లకు, బడులు నడిపేవారికి విజ్ఞప్తి

కొటేషన్ గుర్తుల మధ్య ఉన్న మాటనిచ్చి ఇండైరెక్ట్ స్పీచ్‌లోకి మార్చమంటే, పదో తరగతి పిల్ల తడుముకోకుండా మార్చేస్తుంది. ‘విల్’ కొట్టేసి ‘వుడ్’, ‘ఐ’ కొట్టేసి ‘హీ’, ‘టుమారో’ కొట్టేసి ‘ది నెక్స్ట్ డే’. మార్కులు పడిపోతాయి. అదే పిల్లను టీచరమ్మ ‘మీ నాన్నగారు మీటింగుకి వస్తారా?’ అని ఇంగ్లీషులో అడిగితే మాత్రం ‘మై ఫాదర్... టుమారో కమింగ్... టెల్లింగ్’ అంటూ ఆగిపోతుంది. నాన్న రేపు వస్తానన్నాడని చెప్పాలి, అంతే. ‘మై ఫాదర్ సెడ్ హీల్ కమ్ టుమారో’ అంటే సరిపోయేది. పరీక్షలో రాసింది సరిగ్గా ఈ కోవ వాక్యమే. పైగా రేపు ఇంకా రేపే కాబట్టి ఇక్కడ ‘నెక్స్ట్ డే’ పనికిరాదు, ‘వుడ్’ తప్పనిసరి కాదు. పట్టికలో చూసి మార్చడం నేర్చిన పిల్లకు ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

రోజూ మాట్లాడే ఇంగ్లీషులో ఇలాంటి జంట వాక్యాలే ఎక్కువ. అనుకుంటున్నా, తెలీదు, చెప్పాడు, వీలైతే, వచ్చినప్పుడు. వీటికి అవతల ఇంకో చిన్న వాక్యం, అందులో ఒక సర్వనామం, దాని పక్కన ‘కెన్’, ‘మైట్’, ‘షుడ్’ లాంటి సహాయక క్రియ. ‘ఐ థింక్ హీ మైట్ బి లేట్.’ ‘ఐ డోంట్ నో ఇఫ్ షీ కెన్ కమ్.’ వీటిని నౌన్ క్లాజు, అడ్జెక్టివ్ క్లాజు, అడ్వెర్బ్ క్లాజు అని పేర్లు పెట్టి విడదీయడం మనకు రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణ పుస్తకం కాలం నుంచీ అలవాటు. విడదీయడం వచ్చినవాడికి కలపడం వస్తుందన్న భరోసా ఏమీ లేదు. మేము అడిగేది ఒక్కటే: ఈ వాక్యాన్ని ఆరో తరగతి నుంచే నోటితో, చెవితో నేర్పండి. నేర్పేటప్పుడు పిల్లల తెలుగు వాక్యాన్ని దాని పక్కనే పెట్టి చూపండి.

జంట వాక్యాలంటే ఏమిటో తెలీని పిల్లలేమీ ఇంగ్లీషు క్లాసుకు రావడం లేదు. ‘అమ్మ ఎక్కడికెళ్లిందో నాకు తెలీదు’ అనే మాట బడికి రాకముందే వాళ్ల నోట్లో ఉంది. ‘అని’, ‘ఓ’, ‘తే’, ‘వచ్చిన’, ‘వచ్చినప్పుడు’ వంటివాటితో తెలుగు వాక్యాల్ని ఎలా ముడివేస్తుందో భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్ కలిసి 1985లో అచ్చు వేసిన ఆధునిక తెలుగు వ్యాకరణంలో చూడొచ్చు. తెలుగు టీచరు గదిలో ఉన్న ఈ జ్ఞానం పక్క గదిలోని ఇంగ్లీషు టీచరుకు అందడం లేదు.

అందితే ఏమవుతుందో చూడండి. ‘ఐ డోంట్ నో వేర్ ఈజ్ షీ’ అని పిల్లవాడు రాస్తే ఎర్ర ఇంకు గీత పడుతుంది గానీ, ఎందుకు పడిందో వాడికి తెలీదు. తెలుగులో ‘ఉంది’కి ‘ఓ’ చేరగానే అది అడిగే ప్రశ్న కాదని తెలిసిపోతుంది. ఇంగ్లీషుకు ఆ ‘ఓ’ లేదు. అది మాటల వరుసతో చెబుతుంది: ‘వేర్ షీ ఈజ్’. ఇది చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. అలాగే ‘నిన్న మనింటికి వచ్చిన మాస్టారు’. తెలుగులో వివరమంతా మాస్టారు ముందు నిలబడుతుంది. ఇంగ్లీషులో మాస్టారు ముందొచ్చేసి, వివరం ‘హూ’ పట్టుకుని వెనక నడుస్తుంది. ఇంకోటి: మన ‘అని’ని తీసేస్తే వాక్యం కూలిపోతుంది. వాళ్ల ‘దట్’ మాత్రం మాటల్లో చాలాసార్లు మాయమవుతుంది. పుస్తకంలో ‘దట్’తోనే చదువుకున్నవాడు, ‘షీ సెడ్ షీడ్ కాల్’ అని ఎవరైనా ఫోన్‌లో గబగబా అంటే ఏం విన్నట్టు? ‘షీడ్’లో ‘వుడ్’ దాక్కుందని ఎవరో ఒకరు వినిపించాలి కదా.

సర్వనామాల దగ్గర మాత్రం తెలుగుదే పైచేయి. ‘రవి తను పాసయ్యానని రాజుతో చెప్పాడు’ అంటే పాసైంది రవే. ఇంగ్లీషులో ‘రవి టోల్డ్ రాజు హీ హాడ్ పాస్డ్’ అంటే ఆ ‘హీ’ ఎవరైనా కావచ్చు. ‘తను’కు సాటివచ్చే మాట వాళ్లకు లేదు. మరోపక్క మన క్రియలోనే మనిషి ఉంటాడు కాబట్టి ‘వస్తానన్నాడు’ అంటే చాలు, సర్వనామం అక్కర్లేదు. ఇంగ్లీషులో అది లేకపోతే వాక్యం నిలవదు. ‘మై బ్రదర్ సెడ్ విల్ కమ్’ అన్న తప్పు పుట్టేది ఇక్కడే. అజాగ్రత్త వల్ల కాదు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం జరుగుతున్నది ‘కుడ్’, ‘వుడ్’, ‘మైట్’ల దగ్గర. ‘కుడ్’ అంటే ‘కెన్’కు భూతకాలం అని బట్టీ పట్టిస్తున్నాం. అది అబద్ధం కాదు, అసలు సంగతిలో చిన్న ముక్క. మనకు మర్యాద చూపడానికి ‘మీరు’ ఉంది, ‘గారు’ ఉంది, ‘అండి’ ఉంది. ఇంగ్లీషులో నువ్వన్నా మీరన్నా ఒకటే ‘యూ’. ఆ లోటులో పెద్ద భాగం పూడ్చేవి ఈ సహాయక క్రియలే. ‘ఇవాళ పంపాలండి’ అనే మర్యాదస్తుడైన తెలుగు ఉద్యోగి, విదేశీ క్లయింటుకు ‘యూ మస్ట్ సెండ్ ఇట్ టుడే’ అని మెయిలు పెడతాడు. ‘పంపాలి’ తర్జుమా అయింది, ‘అండి’ దారిలో జారిపోయింది. అవతలివాడికి అది హుకుంలా వినిపిస్తుంది. ‘కుడ్ యూ సెండ్ ఇట్ టుడే?’ అని రాస్తే ఆ ‘అండి’ తిరిగి వస్తుంది. ‘వెళ్లాలి’ అన్న ఒక్క మాటకే ఇంగ్లీషులో ‘మస్ట్’, ‘హావ్ టు’, ‘షుడ్’ అని మూడు దారులున్నాయి. ఏది ఎవరి ముందు వాడాలో చెప్పకుండా ఖాళీలు పూరించమనడం పిల్లలకు అన్యాయం. ‘ఐ వాజ్ వండరింగ్ ఇఫ్ ఐ కుడ్ లీవ్ ఎర్లీ’ అన్న వాక్యం మన హైస్కూలు పిల్లల్లో ఎంతమంది నోట పలుకుతుంది?

తెలుగు రానిస్తే ఇంగ్లీషు చెడుతుందని కొందరు భయపడతారు. తెలుగు మాట్లాడితే జరిమానా వేసే బడులూ ఉన్నాయి. ఆ డబ్బుతో ఏం కొంటారో గానీ, ఇంగ్లీషు మాత్రం రాదు. వాక్యం పక్కన వాక్యం పెట్టి చూపడం తెలుగులో పాఠమంతా చదివి వినిపించడం కాదు. మిగతా పీరియడంతా ఇంగ్లీషే మోగాలి. 1979 నుంచి 1984 వరకు భాషాబోధన నిపుణుడు ఎన్.ఎస్.ప్రభు దక్షిణాది బడుల్లో నడిపిన బెంగళూరు ప్రాజెక్టు చేసింది ఆ పనే. మ్యాపులు, టైంటేబుళ్లు ఇచ్చి పిల్లల్ని లెక్క తేల్చమన్నారు, వ్యాకరణ పాఠం పక్కన పెట్టారు. ఆయన దారిలో వ్యాకరణ వివరణకు చోటు లేదు. మేము రెండు నిమిషాలు అడుగుతున్నాం, ఆ తేడా దాచం. సవర పిల్లలకు సవరలోనే వాచకాలు రాసిన గిడుగు రామమూర్తి నేల ఇది. పిల్లవాడికి వచ్చిన భాషను మెట్టుగా వాడుకోవడం మనకు కొత్తేమీ కాదు.

రెండు తెలుగు రాష్ట్రాల ఎస్‌సీఈఆర్‌టీలు ఇంగ్లీషు టీచరు పుస్తకంలో తెలుగు, ఇంగ్లీషు వాక్యాల ముడి మీద ఒక అధ్యాయం చేర్చాలి. తెలంగాణ సరిహద్దు గూడేల్లో గోండి, కోలామీ మాట్లాడే పిల్లలకు వాళ్ల భాషతోనే ఆ పని జరగాలి. పరీక్షలో డైరెక్టు–ఇండైరెక్టు మార్చే ప్రశ్న తీసేసి, ఎదుటివాడు చెప్పింది విని మూడో మనిషికి చెప్పే మౌఖిక పరీక్ష పెట్టాలి. వందలాది మంది పిల్లలున్న బడిలో ఇది కష్టమే. ఇద్దరిద్దరు చొప్పున కూర్చోబెట్టి, టర్ముకొకసారి జరిపినా చాలు.

ఉత్తర్వు వచ్చేదాకా ఆగక్కర్లేదు. టీచర్లు రేపటి పీరియడ్‌లో మొదటి పది నిమిషాలు ఒకరి మాట ఇంకొకరికి చెప్పే సాధనకు ఇవ్వండి. ‘పక్కవాడు ఏమన్నాడు?’ అని అడగండి, పిల్లల్ని చెప్పనివ్వండి. తల్లిదండ్రులు ఈసారి పేరెంట్స్ మీటింగుకు వెళ్లినప్పుడు మార్కుల కార్డు పక్కన పెట్టి, ‘మా పిల్ల ఇంగ్లీషులో ఒకరి మాట ఇంకొకరికి చేరవేయగలదా?’ అని అడగండి. జవాబు రాకపోతే ఈ కరపత్రం వాళ్ల చేతిలో పెట్టి రండి.