ఉపకారం ఎవరిది, వేతనం ఎవరికి?

ప్రభుత్వ కార్యాలయంలో మూడు దశాబ్దాలకు పైగా 'ఉపకార వేతనం' అనే మాటను ఫైళ్లపై రాసిన వాళ్లం మేము. ఆ మాటలోని ఉపకారం ఎవరిది అని ఆ రోజుల్లో ఎవరూ అడగలేదు. అడగవలసిన అవసరమూ రాలేదు. మార్కుల జాబితా, ఆదాయ ధ్రువపత్రం, కోటా సంఖ్య సరిపోతే పేరు జాబితాకు ఎక్కేది. ఎక్కకపోతే కారణం అడిగే హక్కు తండ్రికి ఉండేది, చెప్పవలసిన బాధ్యత కుర్చీలో కూర్చున్న వానికి ఉండేది. మన ఇళ్లలో దానిని వజీఫా అంటారు. అంటే క్రమంగా అందవలసిన నియమిత భృతి. నేడు వజీఫా పోయింది, ఉపకారం ఒక్కటే మిగిలింది.

ఇది దానంతట అదే జరిగిన మార్పు కాదు. పేరున్న కళాశాలల్లో డిగ్రీ స్థాయిలో ప్రతి 25 మందిలో ఒక్కరు, పోస్టు గ్రాడ్యుయేషన్‌లో ప్రతి 50 మందిలో ఒక్కరు మాత్రమే ముస్లింలని 2006లో సచార్ కమిటీ చెప్పింది. ఆ లోటును పూడ్చడానికి తెచ్చిన పథకాలను 2022 నుండి ఒక్కొక్కటిగా మూసివేశారు. ఒకటి నుండి ఎనిమిదో తరగతి వరకు ఇచ్చే ప్రీమెట్రిక్ సాయం పోయింది. విద్యాహక్కు చట్టం ఉంది కదా అన్నారు. మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్ పోయింది. వేరే పథకాలు ఉన్నాయి కదా అన్నారు. విదేశీ చదువు అప్పుపై వడ్డీ భరించే 'పఢో పర్‌దేశ్' పోయింది. 1989లో పుట్టిన మౌలానా ఆజాద్ ఎడ్యుకేషన్ ఫౌండేషన్‌ను మూసివేయాలని 2024 ఫిబ్రవరిలో ఉత్తర్వు వచ్చింది. హైస్కూలు, ఇంటర్ చదివే మన అమ్మాయిలకు బేగం హజ్రత్ మహల్ పేరిట వజీఫా ఇచ్చిన సంస్థ అదే.

మరి చదువుకునే పిల్లలు ఎక్కడికి వెళ్లాలి? ప్రైవేటు విశ్వవిద్యాలయాల గుమ్మాల వద్దకు. అక్కడ 'క్యాంపస్ చూడండి, ఇంటర్వ్యూకు రండి, ప్రతిభ ఉంటే ఫీజు తగ్గిస్తాం' అనే పిలుపు ఉంది.

గత ఏడాది మా బస్తీ నుండి ఒక అమ్మాయిని అలాంటి ఒక ఇంటర్వ్యూకు తీసుకువెళ్లాము. తండ్రి మోటారు సైకిల్ మెకానిక్. తల్లి ఇంట్లో మిషను కుడుతుంది. పదో తరగతి మెమోలో తండ్రి పేరు ముందు 'ఎస్.కె.', ఆధార్‌లో 'షేక్', ఆదాయ ధ్రువపత్రంలో 'షైక్'. ఈ మూడూ ఒకే మనిషి అని నిరూపించడానికి నోటరీ అఫిడవిట్‌కు, మీసేవా కేంద్రం చుట్టూ తిరగడానికి ఆయనకు నాలుగు రోజుల కూలి పోయింది. ఎస్.కె. అంటే షేక్ అని ఈ రాష్ట్రంలో తెలియని గుమాస్తా లేడు. తెలిసీ అడుగుతారు. బస్సు ఛార్జీలు, ఒక రాత్రి లాడ్జి, ఆటో మా ఖర్చే. నిరుపేదలను రమ్మని పిలిచే పథకం వారి దారి ఖర్చు గురించి ఒక్క మాట రాయదు.

క్యాంపస్ చూపించడానికి ఒక విద్యార్థి వచ్చాడు, మర్యాదస్తుడు. అద్దాల గ్రంథాలయం, ఈత కొలను, కాఫీ దుకాణం చూపించాడు. హాస్టలు గేటు రాత్రి ఎన్నింటికి మూస్తారని తల్లి అడిగింది. నమాజుకు ఎక్కడైనా ఒక మూల చోటు ఉందా అని అడిగింది. మొదటి ప్రశ్నకు జవాబు ఇచ్చాడు. రెండోదానికి కనుక్కుని చెబుతానన్నాడు. కాఫీ ధర బోర్డు చూసి తండ్రి ఏమీ అనలేదు.

లోపల అమ్మాయిని అడిగిన ప్రశ్నలు బయటకు వచ్చాక ఆమె చెప్పింది, మేము రాసుకున్నాము. మీ ఇంట్లో ఫ్రిజ్ ఉందా? ఉంటే ఎప్పుడు కొన్నారు? నాలుగేళ్లు చదివిస్తారా, మధ్యలో నిఖా చేసేస్తారా? ఇక్కడ కూడా స్కార్ఫ్ కట్టుకునే ఉంటావా? చివరగా, నీ గురించి నువ్వు చెప్పు. గణితంలో నూటికి 98 తెచ్చుకున్న పిల్లను గణితం గురించి అడిగింది ఒక్కటే ప్రశ్న.

ఆ చివరి ప్రశ్న దగ్గర ఆగవలసి ఉంది. పెద్దల ముందు తన గొప్ప తాను చెప్పుకోవడం బేఅదబీ అని మన పిల్లలకు చిన్ననాటి నుండి నేర్పుతాము. కళ్లు దించి, అడిగినంత చెప్పి ఊరుకుంటారు. అదే మన తహజీబ్. ఆ గదిలో దానికి పెట్టే పేరు ఆత్మవిశ్వాస లోపం. ఇంగ్లీషు మీడియం కార్పొరేట్ పాఠశాలలో పెరిగిన పిల్లవాడు అదే ప్రశ్నకు పది నిమిషాలు మాట్లాడతాడు. దానిని నాయకత్వ లక్షణం అంటారు. ఇక్కడ కొలిచింది ప్రతిభను కాదు, పెంపకాన్ని. అదీ ఒకే రకం పెంపకాన్ని.

అమ్మాయికి నలభై రోజుల తరువాత రెండు వాక్యాల మెయిల్ వచ్చింది. కారణం లేదు, మార్కులు లేవు, అప్పీలు లేదు.

ఈ విషయంలో న్యాయస్థానం ఎన్నడో మాట్లాడింది. శ్రీనగర్ రీజనల్ ఇంజనీరింగ్ కళాశాలలో 150 మార్కులకు 50 ఇంటర్వ్యూకు పెట్టారు. రెండు మూడు నిమిషాల ఇంటర్వ్యూలో తండ్రి ఎవరు, ఊరు ఏది అన్న ప్రశ్నలే అడిగారని విద్యార్థులు కోర్టుకెక్కారు. 1980 నవంబరులో అజయ్ హసియా కేసులో సుప్రీంకోర్టు మూడింట ఒక వంతు మార్కులు ఇంటర్వ్యూకు ఇవ్వడం నిరంకుశమన్నది, 15 శాతం మించరాదన్నది, ఇంటర్వ్యూను టేపులో రికార్డు చేయడం మంచిదని కూడా చెప్పింది. ఆ తీర్పు ప్రభుత్వ స్వభావం గల సంస్థలకు, ప్రవేశాలకు సంబంధించినది. ప్రైవేటు విశ్వవిద్యాలయం తన సొమ్ముతో ఇచ్చే రాయితీని అది నేరుగా కట్టడి చేయదు. అది మాకూ తెలుసు. కానీ 45 ఏళ్ల కిందట తప్పని తేలిన పద్ధతి నేడు ఉదారత పేరుతో తిరిగి వస్తే చూస్తూ ఊరుకోవాలని ఏ చట్టమూ చెప్పలేదు.

మార్కులు అన్నీ చెప్పవు, మారుమూల బడిలో చదివిన పిల్లలోని వెలుగును ముఖాముఖిలోనే చూడగలమని వారంటారు. ఇందులో నిజం ఉంది. అయితే ఆ వెలుగును ప్రవేశం ఇవ్వడానికి చూడండి. సాయం ఎంత అవసరమో తేల్చడానికి ఇంటర్వ్యూ ఎందుకు? అవసరం కాగితాల మీది లెక్క. ఆదాయం, ఇంట్లో చదివే పిల్లల సంఖ్య, అద్దె, అప్పు. ఒక గుమాస్తా అరగంటలో తేల్చగలడు. సీటు సంగతి ఒక గదిలో, డబ్బు సంగతి మరో బల్ల మీద తేలాలి. రెండూ ఒకే గదిలో కలిపితే, చేయి చాచిన వాని చదువును చదువుగా ఎవరూ చూడరు.

సీటు, రాయితీ రెండూ దొరికిన కుటుంబాలు కూడా సంతకానికి ముందు ఒక సంగతి చూడాలి. చాలా చోట్ల రాయితీ ఏటా సీజీపీఏకు ముడిపడి ఉంటుంది. మొదటి ఏడాది ఇంగ్లీషు పాఠాలతో తడబడిన పిల్లకు రెండో ఏడాది పూర్తి ఫీజు నోటీసు వస్తుంది. అప్పటికి వేరే కళాశాలల తలుపులు మూసి ఉంటాయి. నాలుగేళ్లకూ ఎంత ఇస్తారు, ఎప్పుడు ఆపుతారు, హాస్టలు, మెస్సు అందులో కలిసి ఉన్నాయా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. సిగ్గుపడకండి. మీ ఇంటి ఫ్రిజ్ గురించి వారు అడిగారు, వారి ఫీజు గురించి మీరు అడగవచ్చు.

ఇక మన సొంత ట్రస్టుల సంగతి. జకాత్ సొమ్ముతో నడిచే కొన్ని సంస్థలు విశ్వవిద్యాలయాలకు ఏమీ తీసిపోవు. ఫంక్షన్ హాలు, ఫ్లెక్సీ, మనిషంత చెక్కు, వేదిక మీద వరుసగా నిలబెట్టిన పిల్లలు, మరునాడు పత్రికలో ఫోటో. ఆ ఫోటోలో ఉన్న అబ్బాయి తరగతి గదికి ఏ ముఖంతో వెళ్తాడు? ఇచ్చిన దానిని ఎత్తిపొడిచి, పుచ్చుకున్న వానిని నొప్పించి దానాన్ని వ్యర్థం చేసుకోవద్దని అల్ బఖరా సూరాలో ఉన్న హెచ్చరిక మన కార్యదర్శులకు కొత్త కాదు. జకాత్ పుచ్చుకునే వాని హక్కు అని ప్రతి రమజానులో మనమే చెబుతాము.

మా జిల్లాలోని ట్రస్టులకు మేము ఒక ఉత్తరం రాశాము. వేదిక వద్దు, ఫోటో వద్దు. అర్హత నియమాలు మసీదు బోర్డు మీద ముందుగా అంటించండి. సొమ్ము నేరుగా ఖాతాలో వేయండి. తిరస్కరించిన ప్రతి దరఖాస్తుకు కారణం రాసి పంపండి. ఇంటర్వ్యూకు పిలిస్తే ఉర్దూలోనో తెలుగులోనో మాట్లాడనివ్వండి, దారి ఖర్చు ఇవ్వండి. ఇప్పటివరకు రెండు ట్రస్టులు ఒప్పుకున్నాయి. ఫోటో లేకపోతే దాతలు ముందుకు రారని మూడోది జవాబు రాసింది. మిగిలిన వాటి నుండి ఇంకా ఏమీ రాలేదు. జూన్‌లో కళాశాలలు తెరిచేలోగా మళ్లీ రాస్తాము.