ఓడలో కలిసిన బద్లీ మనుషులు

పోయిన నెల పింఛను కాగితాల గురించి రాస్తే ఒక చెల్లెలు కనపడి, "ఎప్పుడూ ఆఫీసుల గోలేనా అన్నా, నువ్వు ఓడెక్కి పోయింది రాయి" అనింది. సరే రాస్తా. ఈ కతలో కూడా ఆఫీసు ఉండనే ఉండాది, ఏం చేసేది.

అది 2016 జనవరి. మా చిన్నల్లుడు అండమాన్లో పోర్ట్ బ్లెయిర్‌కు కరెంటు పనికి పోయినాడు. కూతురికి నెలలు నిండతా ఉండాయి. విమానమంటే మా ఇంటామెకు భయం, దాని చార్జీ అంటే నాకు భయం. పేరేసంద్రలో బస్సెక్కి బెంగళూరు, ఆడ నుంచి రైల్లో మద్రాసు, మద్రాసు హార్బర్లో నాన్‌కౌరీ అనే ఓడ. ఒక మూటలో రాగిపిండి, ఇంకో మూట నిండా మన ఊరి అప్పళాలు.

సినిమాలో చూపించే ఓడ అనుకోవద్దండి. మాది బంక్ క్లాసు. పెద్ద హాలు, మంచం మీద మంచం, రాత్రీ పగలూ ఇంజను మోత. రింగ్ ఫ్రేముల మధ్య ముప్పై ఏండ్లు నిలబడినోణ్ణి, ఆ మోతకు నాకు హాయిగా నిద్ర పట్టింది. మా ఇంటామె మాత్రం కక్కుకుంటా రెండు దినాలు తల ఎత్తలేదు. మూడు దినాల ప్రయాణం. రేవు దాటినంక ఫోను కూడా పలకదు.

రెండో దినం పక్క మంచం పెద్దామె, "బాబూ, మా గుంటేటైనా ఇటొచ్చిందా?" అని అడిగింది. మనకు గుంట అంటే నేల్లో తవ్వింది కదా. ఓడలో గుంటేందని నేను కింద చూస్తా ఉంటే ఆమె ఒకటే నవ్వు. శ్రీకాకుళం పక్క ఆడపిల్లను గుంట అంటారంట! మనవరాలి కోసం ఎతుకుతా ఉండాది.

వాళ్లుండేది పోర్ట్ బ్లెయిర్లో జంగ్లీఘాట్ అనే చోట. మగాయన చేపల వేట. ఈమె రోడ్లకు, బిల్డింగులకు కంకర మోసింది. పోయి ఇరవైయారేండ్లంట. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు పడవా వలా రెండూ పోయి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టినారు. అండమాన్లో నూటికి పదమూడు మంది తెలుగోళ్లేనని 2011 జనాభా లెక్క చెప్తాది. నాకు అంతవరకూ తెలియదు.

ఊరికి ఎందుకు పోయినావమ్మా అంటే నవ్వు ఆగిపోయింది. వాళ్లమ్మ చనిపోయింది. రాత్రి ఫోనొచ్చింది. విశాఖపట్నం ఓడ నెలకొకటి, అది పోయేసింది. మద్రాసు ఓడ కోసం ఎనిమిది దినాలు కూర్చుంది. మూడు దినాలు సముద్రం, ఆపైన రైలు. ఊరు చేరేసరికి పెద్దదినం అయిపోయి, పందిరి కూడా పీకేసి ఉండారంట.

"విమానంలో పోరాదా?" అనేసినా. నా నోటికి బుద్ధి లేదు.

"ఓడ టికెట్టుకే అప్పు సేసినాం బాబూ. మాకు కార్డు నేదు" అనింది.

ఆ దీవుల్లో ఉండేవాళ్లకు అప్పట్లో ఐలాండర్ కార్డు అని ఇచ్చేవాళ్లు. అది ఉంటే ఓడ చార్జీ బాగా తక్కువ. ఇరవైయారేండ్లు కంకర మోసినామెకు ఆ కార్డు రాలేదు. గుడిసె వేసుకున్న జాగాకు పట్టా లేదు, ఫలానా ఏడు నాటి కాగితం చూపించమంటారు, మూడుసార్లు అర్జీ వెనక్కొచ్చింది. పక్క మంచం ఆయన అదే వీధి మనిషి, కార్డు ఉంది కాబట్టి తక్కువకు పోతా ఉండాడు. సముద్రం ఒకటే, ఓడ ఒకటే.

నాకు మిల్లు గేటు కండ్ల ముందు నిలబడింది. తొమ్మిదేండ్లు బద్లీగా ఉంటిని. తెల్లారి ఆరుకు గేటు దగ్గర నిలబడాల, ఎవరన్నా రాకుంటేనే లోపలికి. అదే మిషను, అదే దూది దుమ్ము, పేరు మాత్రం రిజిస్టర్లో ఉండదు. ఆ సంగతి ఆమెకు చెప్తే, "అయితే తమరూ మా మడిసే" అనింది.

అప్పళాల్లో సగం ఆమెకిచ్చినాం. ఆమె పలాస జీడిపప్పు ఇచ్చింది. రేవులో దిగేటప్పుడు మా ఇంటామె చెయ్యి పట్టుకోని, "అమ్మా, బిడ్డ ఈడే పుడితే పుట్టిన కాగితం తీసుకోండి. పోగొట్టుకోకండి" అని రెండుసార్లు చెప్పింది.

ఫిబ్రవరిలో మనవడు పుట్టినాడు. కాగితం చేతికి రాంగానే ఆరు జిరాక్సులు తీయించినా. అల్లుడు నవ్వినాడు, నవ్వనీ. అందులో ఒకటి ఇప్పటికీ నా ట్రంకు పెట్టెలో, నా పాత బద్లీ పాసు పక్కన ఉండాది.