చుట్టం ఓటు, ఇంటివాడి ఓటు

2016 ఫిబ్రవరిలో జీహెచ్‌ఎంసీ ఎన్నికల ఫలితాలు వచ్చాక గట్టిగా వినిపించిన మాట ఒకటే: ఆంధ్ర నుంచి వచ్చి స్థిరపడ్డ సెట్లర్లు తెలంగాణలో కలిసిపోయారని. 150 డివిజన్లలో టీఆర్‌ఎస్‌కు 99 వచ్చాయి. రెండేళ్ల కిందటే కూకట్‌పల్లి, శేరిలింగంపల్లి, ఎల్బీనగర్, కుత్బుల్లాపూర్ అసెంబ్లీ స్థానాలు నాలుగూ గెలుచుకున్న టీడీపీకి నగరం మొత్తమ్మీద దక్కింది ఒకే ఒక్క డివిజన్. విభజన వద్దనుకున్నవాళ్లే విభజన తెచ్చిన పార్టీకి ఓటేశారు, కలిసిపోయారనడానికి ఇంతకంటే రుజువేం కావాలన్నారు.

ఆ వాదన నాకు అప్పుడూ ఎక్కలేదు. చుట్టపుచూపుగా వచ్చినవాడు కూర ఎలా ఉన్నా బాగుందనే అంటాడు. ఉప్పు తక్కువైందని అనగలిగేది ఇంటివాడే. అధికారంలో ఉన్న పార్టీకి పడ్డ ఓటులో అభిమానమెంతో, జాగ్రత్త ఎంతో ఫలితాల పట్టిక చెప్పదు. మన ఓటు చుట్టుపక్కల వాళ్ల ఓటుతో కలిసినప్పుడు ఎవరూ ఏమీ అడగరు. కలవనప్పుడు ‘ఇంతకీ మీదెక్కడ?’ అన్న ప్రశ్న వస్తుందా రాదా అన్నదాన్ని బట్టే ఆ ఊరు మనదో కాదో తేలుతుంది.

హైదరాబాద్‌లో ఆ ప్రశ్న ఊరికే పుట్టలేదు. ముల్కీ, అంటే స్థానికుడు, అనిపించుకోవడానికి పదిహేనేళ్ల నివాసం కావాలన్న నిబంధన నిజాం కాలం నాటిది. 1952లో నాన్ ముల్కీల నియామకాలకు వ్యతిరేకంగా విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు, పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. 1956 పెద్దమనుషుల ఒప్పందం నీరుగారింది, 1969లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం మండింది. నిబంధనలకు విరుద్ధంగా చేరిన ఉద్యోగులను వెనక్కి పంపాలని 1985లో ఇచ్చిన 610 జీవో ఏళ్ల తరబడి కాగితం మీదే ఉండిపోయింది. కాబట్టి తెలంగాణవాడు ‘ఎక్కడివాడివి’ అని అడిగితే అందులో ద్వేషం కంటే ఉద్యోగాల లెక్కే ఎక్కువ. అది ఒప్పుకోకుండా సెట్లర్ల మనోభావాల గురించి మాత్రమే మాట్లాడేవాళ్లు సగం కథే చెబుతున్నారు. అయితే సచివాలయంలో కుర్చీ వేరు, కేపీహెచ్‌బీలో అప్పు చేసి పెట్టుకున్న కర్రీ పాయింట్ వేరు. ఉద్యమ వేడిలో రెంటినీ ఒకే గాటన కట్టేశారు. దానివల్ల సెట్లర్లలో పుట్టిన బెదురు రాష్ట్రం వచ్చాక కూడా కొన్నాళ్లు పోలేదు.

అది పూర్తిగా పోలేదని 2023 సెప్టెంబరులో మళ్లీ తెలిసింది. చంద్రబాబు అరెస్టుకు నిరసనగా హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగులు రోడ్డెక్కితే, ఆంధ్ర రాజకీయాలు అక్కడే చూసుకోవాలన్నట్టు మంత్రి కేటీఆర్ మాట్లాడారు. శాంతిభద్రతల కోసం ర్యాలీకి అనుమతి నిరాకరించడం వేరు, అది ఏ పోలీసైనా చేసే పనే. మీ గొడవ మీ ఊళ్లో పెట్టుకోండి అనడం మాత్రం ఆ పాత ప్రశ్నే. ఎన్నికలు దగ్గరపడుతుంటే అదే పార్టీ నాయకులు కొందరు అరెస్టును తప్పుపట్టారు. అది చూసి నవ్వుకున్నవాళ్లూ ఉన్నారు.

అసలు విచిత్రం నవంబరులో జరిగిన అసెంబ్లీ ఎన్నికల్లో కనిపించింది. రాష్ట్రం కాంగ్రెస్ వైపు తిరిగి 64 స్థానాలిచ్చింది. హైదరాబాద్ జిల్లాలో ఆ పార్టీకి ఒక్కటీ రాలేదు. కూకట్‌పల్లి, శేరిలింగంపల్లి, ఎల్బీనగర్, కుత్బుల్లాపూర్ నాలుగూ ఓడిపోతున్న బీఆర్‌ఎస్‌తోనే (పాత టీఆర్‌ఎస్) నిలిచాయి. అక్కడున్నది సెట్లర్లే కాదు, ఆ గెలుపు వాళ్లొక్కరిదే కాదు. అయినా రాష్ట్రం ఒకవైపు, సెట్లర్ల కాలనీలు ఒకవైపు ఉన్న ఫలితం వస్తే, దాన్ని తెలంగాణకు ద్రోహంగా చూపే వాదన చెప్పుకోదగ్గ స్థాయిలో ఎక్కడా వినబడలేదు. 2016లో గెలిచేవాళ్లతో ఉండి రుజువు చేశారన్నదాని కంటే, 2023లో ఓడేవాళ్లతో ఉన్నా ఎవరూ వేలెత్తి చూపకపోవడం నాకు పెద్ద విషయంగా కనిపిస్తుంది.

సెట్లర్ల పక్షానిదీ కొంత లెక్క ఉంది. 2024 మే 13న రెండు రాష్ట్రాల్లోనూ ఒకే రోజు పోలింగ్. అంతకు ముందు రెండు మూడు రోజులు ఓటుకు ఆంధ్ర వెళ్లేవాళ్లతో విజయవాడ హైవే మీది పంతంగి టోల్‌ప్లాజా దగ్గర సంక్రాంతిని తలపించే రద్దీ. ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్ 80 శాతం దాటితే, హైదరాబాద్, సికింద్రాబాద్ లోక్‌సభ స్థానాల్లో సగం మంది కూడా ఓటేయలేదు. నగరం ఎప్పుడూ బద్ధకమే, తప్పంతా బస్సెక్కినవాళ్ల మీద వేయడం అన్యాయం. కానీ రెండు చోట్లా పేరుంచుకుని, తెలంగాణ అసెంబ్లీకి ఇక్కడా, కొన్ని నెలలకు అక్కడా వేలికి సిరా పూయించుకునేవాళ్ల గురించి ఫిర్యాదులు కొత్తవి కావు. చట్టం ఒక్కచోటే పేరుండాలంటుంది. ఎక్కడుండాలన్నది ఎవరికివారు తేల్చుకోవాల్సిందే.

సొంతూళ్లో ఓటుంచుకోవడం నేరం అనను. అక్కడ పొలం ఉంటుంది, అమ్మానాన్నలుంటారు, పంచాయతీ ఎన్నికల్లో బాబాయి కొడుకు నిలబడి ఉంటాడు. కానీ ఇరవై ఏళ్లుగా మియాపూర్‌లో ఉంటూ, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అర్ధరాత్రి దాకా అమరావతి మీద కొట్లాడి, తెల్లారి వీధిలో పొంగిన డ్రైనేజీ ఏ కార్పొరేటర్ పరిధిలోకి వస్తుందో తెలియనివాళ్లు ప్రతి కాలనీలోనూ ఉన్నారు. ఎన్నికల ముందు వాళ్లను పార్టీలు కులసంఘం భోజనాలకు పిలిచి, లెక్కపెట్టి వదిలేస్తున్నాయి. వాళ్లు డ్రైనేజీ గురించి గట్టిగా అడిగేవాళ్లయితే, ఆ భోజనాల ఖర్చు పార్టీలకు అంత తేలిగ్గా గిట్టుబాటయ్యేది కాదు.