తన గొంతు కలపని పెట్టె



తిరుపతిలో అలిపిరి దిగువ వీధులలో నివసించే ఒక సహోదరుడు ఈ శీర్షికకు ఉత్తరము వ్రాశారు. వారి ఇంట ప్రతి శుక్రవారము సాయంకాలము పదిహేను, ఇరవై మంది ప్రార్థనకు కూడుకొంటారు. పాటలు, ప్రసంగములు వినిపించడానికి బజారులో కొన్న పెట్టె ఒకటి ఉన్నది. "అది దడదడ మ్రోగుతుంది గాని, వెనుక కూర్చున్న మా అమ్మకు ఒక్క మాటా తెలియదు. మంచి స్పీకరు పెట్టెలు ఇంట్లోనే చేసుకోగలమా? ఎర్రచందనము చెక్కతో చేస్తే నాదము చాలా బాగుంటుందని, కావాలంటే తెప్పించి ఇస్తానని మా వీధిలో ఒకరు అంటున్నారు. ఏమి చేయమంటారు?" అని అడిగారు.

మొదటి ప్రశ్నకు మా జవాబు: తప్పక చేసుకోగలరు. రంపము పట్టడం తెలిసిన అన్న, టంకము వేయడం నేర్చిన తమ్ముడు ఇంట్లో ఉంటే రెండు శనివారములలో పని ముగుస్తుంది. ఎర్రచందనము గురించి మా జవాబు: వద్దు. ఎందుకు వద్దో ముందు చెప్పి, తరువాత పనిలోనికి వెళ్తాము.

ఎర్రచందనము సంగతి

ఎర్రచందనము మన శేషాచలము కొండలకు, వాటి చుట్టుపట్ల తూర్పు కనుమల దక్షిణ భాగమునకు దేవుడు ప్రత్యేకముగా ఇచ్చిన చెట్టు. దాని చేవ నీటిలో వేస్తే మునిగేంత బరువు. జపాను దేశములో షామిసెన్ అనే మూడు తీగల వాద్యమునకు ఈ కొయ్యను వాడుతారు. కనుక ఆ కొయ్యకు నాదమున్నదన్న మాట అబద్ధము కాదు.

అయితే అటవీ శాఖ అనుమతి లేకుండా ఆ చెట్టును కొట్టినా, దుంగను దాచినా, తరలించినా నేరము. 1995 నుండి దేశాల మధ్య దాని వ్యాపారము మీద అంతర్జాతీయ ఒప్పందము ప్రకారము కూడా అదుపు ఉన్నది. 2015 ఏప్రిల్ 7న ఈ శేషాచలము అడవులలోనే, ఎర్రచందనము నరకడానికి వచ్చారన్న ఆరోపణ మీద తమిళనాడుకు చెందిన 20 మంది పోలీసు కాల్పులలో చనిపోయారు. ఇరవై ఇండ్లలో దీపము ఆరిపోయింది. దొంగచాటున వచ్చిన చెక్కతో పెట్టె చేసి, అందులో నుండి దేవుని వాక్యము వినడం మన మనస్సాక్షికి ఎలా సమ్మతమవుతుంది? "తెప్పించి ఇస్తాను" అన్నవారికి మెత్తగానే, అయినా ఖండితముగా వద్దని చెప్పండి.

రెండవ కారణము పనికి సంబంధించినది. వాద్యము వేరు, స్పీకరు పెట్టె వేరు. వీణ కుండ, మృదంగము కట్టె తమ సొంత నాదమును కలపాలి. అందుకే వాటిని పనస కొయ్యతో చేస్తారు. స్పీకరు పెట్టె పని ఇందుకు తలక్రిందులు. లోపలికి వచ్చిన స్వరమును ఉన్నది ఉన్నట్లు బయటికి పంపాలి. తన గొంతు ఏమాత్రము కలపకూడదు. వేలితో తట్టితే వీణ కుండ మ్రోగాలి. స్పీకరు పెట్టె "డప్" అని ఊరుకోవాలి. దీనికి 18 మిల్లీమీటర్ల మామూలు ప్లైవుడ్ గాని, ఎం.డి.ఎఫ్. పలక గాని చాలు. ఎర్రచందనము దొరికినా ఇక్కడ దానివలన లాభము లేదు.

స్పీకరు ఎలా పలుకుతుంది?

1925లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఇంజనీర్లు రైస్, కెల్లాగ్ అనే ఇద్దరు చూపించిన పద్ధతే ఈనాటికీ వాడుకలో ఉన్నది. అయస్కాంతము సందులో సన్నని తీగ చుట్ట ఉంటుంది. దానికి కాగితపు కోను అంటించి ఉంటుంది. తీగలో విద్యుత్తు అటూ ఇటూ పారినప్పుడు చుట్ట ముందుకు, వెనుకకు కదులుతుంది. దానితో కోను కదిలి గాలిని నెడుతుంది. అదే మనకు శబ్దము.

కోను ముందుకు కదిలితే ముందున్న గాలి ఒత్తబడుతుంది, వెనుకనున్న గాలి పలచబడుతుంది. పెట్టె లేకపోతే ఆ రెండూ అంచు చుట్టూ తిరిగి కలిసి ఒకదానినొకటి కొట్టివేసుకొంటాయి. ముఖ్యముగా లావు స్వరములు మాయమవుతాయి. పిల్లలకు దీనిని కళ్ళెదుట చూపవచ్చు. విడి స్పీకరును పాట మ్రోగుతుండగా చేతిలో పట్టుకోండి; గొంతు పీలగా ఉంటుంది. పెద్ద అట్టకు స్పీకరంత రంధ్రము చేసి దానికి ఆనించండి. వెంటనే గొంతుకు బలము వస్తుంది. 1954లో ఎడ్గర్ విల్చూర్ అనే అమెరికా దేశస్థుడు చిన్న పెట్టెను గాలి చొరకుండా మూసివేసి, లోపలి గాలినే స్ప్రింగుగా వాడుకొని చక్కని లావు స్వరము రప్పించవచ్చునని నిరూపించాడు. మనము చేయబోయేది అటువంటి మూసిన పెట్టెయే. పనికి సులువు, మాటకు స్పష్టము.

మాట తెలియకపోవడానికి కారణము

మ్రోత చాలకపోవడమే కారణమని చాలామంది అనుకొంటారు. అది నిజము కాదు. సీషెల్స్ దీవుల నుండి ఫీబా రేడియో 1970 మొదలు 2003 వరకు షార్ట్‌వేవ్‌లో ప్రసారములు చేసింది. ఆ రోజులలో మన పల్లెలలో పెద్దలు అరచేయంత స్పీకరున్న ట్రాన్సిస్టరులో దేవుని మాటలు విని గ్రహించారు. పాతకాలపు టెలిఫోను 300 నుండి 3,400 హెర్ట్జుల మధ్య స్వరములను మాత్రమే పంపేది. అయినా మాట తెలిసేది. మాట అర్థము కావడానికి కావలసినది నడిమి స్వరము, పై స్వరము. బజారు పెట్టెలు చాలావరకు లావు స్వరమును మితిమీరి పెంచుతాయి. అది హల్లులను మ్రింగివేస్తుంది. పాపము, శాపము, తాపము అనే మూడు మాటలకు భేదము మొదటి హల్లులోనే ఉన్నది. హల్లు పోతే ప్రసంగీకుడు దేనిని గురించి చెప్పినట్లు? కొరింథీ సంఘమునకు వ్రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయములో పౌలు బూరను గురించి చెప్పిన సంగతిని ఈ సందర్భములో ఇంటిల్లిపాది చదువుకోండి.

కావలసిన సామాను

రెండు పెట్టెలకు:

6 అంగుళముల, 8 ఓముల ఊఫరు స్పీకర్లు రెండు. 8 ఓముల చిన్న ట్వీటర్లు రెండు. 4.7 మైక్రోఫారడ్ నాన్‌పోలార్ కండెన్సర్లు రెండు. 18 మి.మీ. పలక, కోత తరుగుతో కలిపి 12 చదరపు అడుగులు. వడ్రంగి జిగురు, స్క్రూలు, తీగ, బూరుగు దూది, పాత సైకిలు ట్యూబు.

స్పీకర్లు తిరుపతి రేడియో దుకాణములలో అడగవచ్చు. ఎవరైనా చెన్నై వెళ్తుంటే రిచీ స్ట్రీటులో అన్నీ ఒకేచోట దొరుకుతాయి. పి.ఎం.పి.ఓ. అని అట్టపెట్టె మీద వేల వాట్లు వ్రాసి ఉంటే నమ్మవద్దు, ఆర్.ఎం.ఎస్. వాట్లు ఎన్నో అడగండి. ఇంటికి, చిన్న కూడికకు ఒక్కొక్క పెట్టెకు 15, 20 వాట్లు చాలు. వాట్లు రెట్టింపు చేసినా చెవికి మ్రోత కొంచెమే పెరుగుతుంది.

చేసే విధానము

1. ఒక్కొక్క పెట్టెకు ఆరు పలకలు కోయాలి. ముందు, వెనుక పలకలు 21.6 × 33.6 సెం.మీ.; ప్రక్క పలకలు రెండు 22 × 33.6 సెం.మీ.; పై పలక, అడుగు పలక 18 × 22 సెం.మీ. లోపలి ఖాళీ 18 × 22 × 30, అంటే దాదాపు 12 లీటర్లు. మూడు కొలతలు వేరువేరుగా ఉండడం మంచిది. అన్ని ప్రక్కలు సమానమైతే ఒకే స్వరము లోపల పోగుపడి గుయ్యిమంటుంది.

2. ముందు పలకలో ఊఫరుకు క్రింద, ట్వీటరుకు పైన రంధ్రములు కోయాలి. కొన్న స్పీకరును పలక మీద పెట్టి, అంచు ఆనడానికి చోటు వదిలి గీత గీసుకోండి. స్పీకరు చేతికి రాకముందు రంధ్రము కోయవద్దు.

3. వెనుక పలక తప్ప తక్కినవి జిగురుతో, స్క్రూలతో బిగించాలి. లోపలి సందులన్నిటికీ జిగురులో కలిపిన రంపపు పొట్టు పూసి ఒక రాత్రి ఆరనివ్వాలి. రెండు ప్రక్క పలకల నడుమ, స్పీకరుకు తగలని చోట, అడ్డముగా ఒక బద్ద బిగిస్తే పెట్టె అదరదు.

4. ఆంప్లిఫయరు నుండి వచ్చే రెండు తీగలను నేరుగా ఊఫరుకు కలపాలి. ఆ తీగల నుండే ట్వీటరుకు కూడా తీసుకొని, దాని ధనపు తీగ మధ్యలో కండెన్సరు పెట్టి టంకము వేయాలి. సుమారు 4,000 హెర్ట్జులకు పై స్వరములనే అది ట్వీటరుకు చక్కగా పోనిస్తుంది. లావు స్వరములను అడ్డి దానిని కాలిపోకుండా కాపాడుతుంది.

5. స్పీకరు మీద + గుర్తు లేకపోతే 1.5 వోల్టుల టార్చి సెల్లును ఊఫరు తీగలకు ఒక్క క్షణము తాకించండి. కోను బయటికి దూకితే సెల్లు ధనపు కొన తాకినది + వైపు. రెండు పెట్టెలకూ ఒకే విధముగా కలపాలి. ఒకటి ముందుకు, ఒకటి వెనుకకు కదిలితే రెండూ కలిసి పని చెరుపుతాయి.

6. లోపల బూరుగు దూదిని వదులుగా పరచి, కోనుకు తగలకుండా పలుచని గుడ్డతో ఆపాలి. స్పీకరు అంచు క్రింద, వెనుక పలక చుట్టూ సైకిలు ట్యూబు రబ్బరు పట్టీలు వేసి బిగించాలి. తీగలు బయటికి వచ్చే రంధ్రమును కూడా జిగురుతో మూయాలి.

7. ఊఫరు కోనును నాలుగు వ్రేళ్ళతో సమముగా, మెల్లగా లోపలికి నొక్కి వదలండి. అది నెమ్మదిగా తిరిగి వస్తే పెట్టె గట్టిగా మూసుకొన్నట్లు. ఠక్కున వస్తే ఎక్కడో గాలి పోతున్నది, వెదికి మూయండి.

ఆంప్లిఫయరు మాత్రము సిద్ధముగా ఉన్నది కొనడమే క్షేమము. 230 వోల్టుల పని పిల్లల చేతికి ఇవ్వవద్దు. ఒకే కొనకు రెండు పెట్టెలను ప్రక్కప్రక్కన కలిపితే 8 ఓములు 4 ఓములవుతాయి. ఆంప్లిఫయరు అందుకు ఒప్పుతుందో లేదో దాని మీద చూచుకోండి.

పెట్టె ఎక్కడ పెట్టాలి?

నేల మీద, గది మూలలో పెట్టవద్దు; లావు స్వరము పొంగి మాటను కప్పివేస్తుంది. కూర్చున్నవారి చెవుల ఎత్తున, జనులవైపు త్రిప్పి, గోడకు కొంచెము ఎడముగా పెట్టాలి. మైకు కూడా వాడితే పెట్టెలు మైకుకు ముందు ఉండాలి. మైకు వెనుక ఉంటే తన శబ్దమును తానే విని కూత పెడుతుంది. వినికిడి తగ్గిన పెద్దలను పెట్టెకు దగ్గరగా కూర్చుండబెట్టండి. వారికి మ్రోత పెంచడం కంటె దూరము తగ్గించడమే ఎక్కువ మేలు.

పొరుగువారి మాట

2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమముల ప్రకారము నివాస ప్రాంతములలో పగటి పరిమితి 55 డెసిబెల్స్, రాత్రి 45. రాత్రి 10 నుండి ఉదయము 6 వరకు బహిరంగముగా లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. అదే సంవత్సరము ఆగస్టు 30న చెన్నైలోని చర్చ్ ఆఫ్ గాడ్ ఫుల్ గాస్పెల్ సంఘము వ్యాజ్యములో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇతరుల శాంతికి భంగము కలిగేటట్లు ధ్వనివర్ధకములు వాడడం మతస్వేచ్ఛలో భాగము కాదన్నది ఆ తీర్పు సారాంశము. వ్యాజ్యమునకు గురియైనది మన వంటి ఒక సంఘమే గనుక ఇది మనము మరువరాని సంగతి.

అలిపిరి వంటి చోట ఈ జాగ్రత్త మరింత అవసరము. కాలినడకన కొండ యెక్కే యాత్రికులు ఆ దారిని వస్తుంటారు. ప్రక్క ఇంట పరీక్షకు చదివే బిడ్డ ఉండవచ్చు, రాత్రి పని చేసి పగలు నిద్రించే కూలి ఉండవచ్చు. మన ప్రేమను వారు ముందు గోడ అవతల నుండే తెలుసుకొంటారు. మంచి పెట్టె గుణము ఏమిటంటే తక్కువ మ్రోతలోనే ప్రతి మాట తెలుస్తుంది. తలుపు మూసి, వెనుక వరుసలోని తల్లికి వినబడేటంత పెట్టి, బయట వీధిలో నిలిచి ఒకసారి వినండి. మాటలు వీధిలోనికి వస్తుంటే తగ్గించండి.

నిర్గమకాండము 31వ అధ్యాయములో బెసలేలుకు దేవుడు కొయ్యపనిలో కూడా నేర్పు ఇచ్చినట్లు చదువుతాము. చేతిపని దేవుని యెదుట చిన్నది కాదు. బాప్తిస్మమిచ్చు యోహాను తన్ను గూర్చి అడిగినవారికి తాను ఒక స్వరము మాత్రమేనని జవాబిచ్చాడు. ఇంటిలో వాక్యము చదివే తండ్రికి, పాట నేర్పే తల్లికి, సంఘములో నిలిచి మాటలాడే మా వంటివారికి కూడా ఆ కొలతే. అలిపిరి సహోదరుడు ఈ పెట్టెలు చేసిన తరువాత, వెనుక కూర్చున్న వారి అమ్మగారు ఏమన్నారో మాకు వ్రాయాలని కోరుతున్నాము.

ప్రభువు మీ చేతుల పనిని స్థిరపరచును గాక.