అదీ దేవుని చిత్తమేనా?



2019 ఫిబ్రవరి 1న బెంగళూరు హెచ్.ఏ.ఎల్. విమానాశ్రయంలో మిరాజ్ 2000 యుద్ధ విమానం నేల వదలబోతూ కూలి కాలిపోయింది. మరమ్మతు చేసి ఆధునీకరించిన ఆ విమానాన్ని వాయుసేన తీసుకొనే ముందు పరీక్షిస్తున్న స్క్వాడ్రన్ లీడర్లు సమీర్ అబ్రోల్, సిద్ధార్థ నేగి మరణించారు.

ఆ వారంలోనే మేము పలాస దగ్గర ఒక ఇంటికి కుటుంబ ప్రార్థనకు వెళ్లాము. ఆ తల్లి జీడిపిక్కలు కొట్టి కొడుకును చదివించింది. అతడు వాయుసేనలో విమానాలు బాగుచేసే పనిలో ఉన్నాడు. పేపరులో బొమ్మ చూసి ఆమె బెదిరిపోయి ఉంది. మేము అలవాటుగా, "అంతా దేవుని చిత్తం, అమ్మా" అన్నాము.

"అయ్యగారూ, మావాడు రాత్రంతా మేలుకొని ఒక్కొక్క బోల్టు చూస్తాడు. వాడొకటి చూడక వదిలేస్తే అదీ దేవుని చిత్తమేనా?"

మాకు జవాబు దొరకలేదు.

భావనపాడు, నువ్వలరేవు వైపు వారికి ఈ సంగతి చెప్పనక్కరలేదు. పడవను తోసి ఒడ్డు కెరటాలు దాటించే వరకే ప్రాణం అరచేతిలో ఉంటుంది. అడ్డం తిరిగిందా, బోల్తాయే. విమానానికి రన్‌వే అటువంటిది. కొంత వేగం వరకు ఆపవచ్చు. అది దాటాక ఆపితే బాట చాలదు, లేవకపోతే గతి లేదు. ఆలోచించుటకు సెకన్లే వ్యవధి. ఆ మిరాజ్ బాట చివర దాటిపోయింది. పైలట్‌ను కుర్చీతో సహా పైకి విసిరే ఏర్పాటు అందులో ఉంది. ఇద్దరూ దానిని వాడారు, అయినా దక్కలేదు.

వాయుసేన విచారణకు ఆదేశించింది. ఏది విరిగింది, ఎవరు చూశారు, ఎవరు సంతకం పెట్టారు అని అడగడమే విచారణ. మన సంఘాలలో ఎవరైనా అలా అడిగితే విశ్వాసం తక్కువ అనుకుంటాము. ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో పోయినవారి సమాధుల దగ్గర మేము ఎన్నిసార్లు ఆ మాటే అన్నామో! జబ్బుకు కారణం నేటికీ పూర్తిగా తేలలేదు. అయినా ఊరుకోక అడిగినవారు ఉండబట్టే 2023లో పలాసకు కిడ్నీ ఆస్పత్రి, ఊళ్లకు వంశధార నీరు వచ్చాయి.

లూకా 13లో సిలోయము గోపురం కూలి పద్దెనిమిదిమంది చనిపోయిన సంగతి ఉన్నది. వారు ఇతరులకంటె పాపులని తలంచవద్దన్నాడు ప్రభువు. దేవుడే కూల్చాడని మాత్రం అనలేదు. డిప్లొమా చదివే రోజుల్లో ఈ భాగం మీద పరీక్ష వ్రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాము. ఆ ఇంట్లో మాత్రం జ్ఞాపకం రాలేదు.

2025 జూలై 21న ఢాకాలో ఒక యుద్ధ విమానం ఎగిరిన కొద్ది నిమిషాలకే బడిమీద కూలింది. ముప్పైమందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది పసిపిల్లలు. ఆ వార్త విని మేము మళ్లీ ఆ తల్లి ఇంటికి వెళ్లాము. ఈసారి ఏమీ బోధించలేదు. లూకా 13 చదివి, దేని కొరకు ప్రార్థించమంటారని అడిగాము.

"రాత్రి డ్యూటీలో మావాడికి నిద్ర రాకూడదు, అయ్యగారూ. పైవాళ్లు తొందర పెట్టకూడదు."

ఆ రెండింటి కొరకే ప్రార్థించి, ఆమె ఇచ్చిన టీ త్రాగి వచ్చాము.